గాలి పట్టుకున్న గిన్నె

మా టెర్రస్ గదిలో లేత్ మిషన్ మీద చెక్క గిన్నె తిరుగుతుంటే చూసినవాళ్లు మొదట అడిగేది ఒకటే. ‘అది దేనికి అతుక్కుంది?’ అని. నిజానికి దేనికీ అతుక్కోలేదు. స్క్రూలు లేవు, బంక లేదు. బయటున్న గాలి దాన్ని నొక్కిపెట్టి ఉంచుతోంది, అంతే.

వారంలో ఐదు రోజులు కోడింగ్, శని ఆదివారాలు చెక్క పొట్టు. ఇదీ నా జీవితం. మామూలుగా గిన్నె చేసేటప్పుడు అడుగున చిన్న దిమ్మ వదిలి, దాన్ని చక్ దవడల్లో బిగించి లోపలంతా తొలుస్తాం. చిక్కు ఆ తర్వాతే. గిన్నె అయిపోయినా ఆ దిమ్మ అలాగే ఉంటుంది, దవడల గాట్లతో సహా. షోకేసులో పెట్టేదైతే వదిలేయొచ్చు. కానీ ఇది అమ్మమ్మ కోసం. ఆవిడ చేతికి ఏ గిన్నె ఇచ్చినా ముందు తిరగేసి అడుగు చూస్తుంది!

పైగా ఆ చెక్క వాళ్ల పెరట్లో మామిడిది. రెండేళ్ల కిందట గాలివానకి చెట్టు పడిపోయింది. చాలావరకు పొయ్యిలోకి పోయింది, ఒక్క దుంగ నాకు దక్కింది. పచ్చి చెక్కతో పది అంగుళాల గిన్నెలు మూడు, అంగుళం మందం ఉంచి తొలిచిపెట్టా. వంటింటి త్రాసులో నెలనెలా తూచి, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టా. రెండు పగిలాయి. మిగిలింది ఒక్కటే.

దాని అంచున బెరడు అలాగే ఉంచా, కాబట్టి అంచు ఎగుడుదిగుడు. తిరగేసి అంచుని పట్టే దవడలకి గుండ్రటి, సమానమైన అంచు కావాలి. ఇక్కడ అది కుదరదు. అందుకే వాక్యూమ్ చక్. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కని చెక్క పలకకి అంటించి, మూతికి మెత్తటి ఫోమ్ పెట్టా. గిన్నె లోపలి వైపు దాని మీద బోర్లిస్తాం. లేత్ ఇరుసు మధ్యలో బోలు. అందులోంచి పంపు గాలి లాగేస్తుంది. పైపు తిరక్కుండా, ఇరుసు మాత్రం తిరిగేలా వెనక ఒక బేరింగ్ జాయింటు ఉంటుంది.

పంపు గిన్నెని లాగుతుందనుకుంటాం గానీ, లాగేదేమీ లేదు. లోపల గాలి తగ్గితే బయటి గాలి నొక్కుతుంది. 17వ శతాబ్దంలో ఒటో వాన్ గెరిక్ రెండు రాగి చిప్పల మధ్య గాలి తీసేసి, గుర్రాలతో లాగించి చూపించింది ఇదే. నా గేజ్‌లో 18 అంగుళాలు చూపిస్తే గిన్నె మీద పడే బలం దాదాపు 50 కిలోలు. అంటే ఒక బియ్యం బస్తా. ఇంకా ఎక్కువ ఎందుకు లాగకూడదంటే, పల్చటి అడుగు ఆ బరువుకే పగిలిపోవచ్చు. అందుకే కొంచెం గాలి లోపలికి వదిలే చిన్న వాల్వు పెడతారు.

ఏసీ మెకానిక్‌లు వాడే పంపు చాలదా అని ఫ్రెండ్స్ అడిగారు. అది లీకులేని రాగి గొట్టాల కోసం చేసింది. చెక్కలోంచి గాలి ఆగకుండా వస్తుంటే, నూనె పొగ కక్కుతుంది. అందుకే రాణిగంజ్‌లో తిరిగి, ఆయిల్ అవసరంలేని సెకండ్ హ్యాండ్ పంపు పట్టుకొచ్చా. మొదటిసారి గిన్నె పెడితే గేజ్ 11 దాటలేదు. మామిడి చెక్క రంధ్రాల్లోంచి గాలి దూరుతోంది మరి. బయట రెండు కోట్లు శాండింగ్ సీలర్ కొట్టాక 18కి వచ్చింది.

నా అసలు భయం కరెంటు. పోతే లేత్ వెంటనే ఆగదు, గిన్నె కాసేపు తిరుగుతూనే ఉంటుంది. పంపు మాత్రం ఆగిపోతుంది. ఆ కొన్ని సెకన్లలో పట్టు జారితే గిన్నె మొహం మీదకే. ఆఫీసులో ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి అందుకోవాలి అంటాం కదా, ఇక్కడా అదే లెక్క. లేత్ మామూలు లైను మీద, పంపు ఇన్వర్టర్ మీద. మధ్యలో గాలి వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వు. మొహానికి షీల్డు సరేసరి.

గాలి గిన్నెని వెనక్కి బాగా నొక్కుతుంది గానీ, పక్కకి తోస్తే ఆపేది ఫోమ్ రాపిడి ఒక్కటే. కాబట్టి దిమ్మలో చాలా భాగం టెయిల్‌స్టాక్ ఆసరాతోనే తీసేశా. చివరికి వేలెడు మొన మిగిలింది. టెయిల్‌స్టాక్ వెనక్కి జరిపా. ఒక కన్ను గేజ్ మీద, చెవి పంపు మీద. లీకు మొదలైతే పంపు గొంతు మారుతుంది. ఉలి ఆనీ ఆనకుండా నాలుగైదుసార్లు పోనిచ్చా. సన్నటి పొట్టు రిబ్బన్‌లా లేచింది. గేజ్ ముల్లు కదల్లేదు.

లేత్ ఆపి వాల్వు తెరిస్తే ‘ఉస్స్’మని గాలి లోపలికెళ్లింది, గిన్నె చేతిలోకొచ్చింది.

పండక్కి ఊరెళ్లి ఇచ్చా. ఊహించినట్టే తిరగేసింది. బొటనవేలితో అడుగంతా తడిమింది.

‘‘నున్నగా ఉందిరా. మరి పేరు కొట్టించలేదేం?’’

చెక్క కాల్చే పెన్ను ఆర్డర్ పెట్టా. అక్షరాలు ముందు పగిలిన రెండు గిన్నెల మీద ప్రాక్టీసు చేస్తున్నా.