ముగ్గుపిండి గీత

ఆదివారం పొద్దున్నే హిందూపురంలో దిగి, ఉగ్గాని బజ్జీ తిని వాలీబాల్ గ్రౌండుకు పోయేసరికి ఒక సెట్ అయిపోయింది. కోర్టు గీతలు ముగ్గుపిండితో వేశారు. గాలికి ఒక మూల చెరిగిపోతే బంతి సరిగ్గా అక్కడే పడింది. "లోపలప్పా!" అని ఒక జట్టు, "ఔట్!" అని ఇంకో జట్టు, మధ్యలో కన్నడంలో తిట్లు. కర్ణాటక అంచు ఊరు కదా, పోట్లాటైనా రెండు భాషల్లోనే. బంతి గీతను తాకితే లోపలే లెక్క. గీతే లేకపోతే? ఆ పాయింటు మళ్లీ ఆడించారు.

ఈ సీమకు సరిపోయిన ఆట ఇదేననిపిస్తుంది నాకు. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు నేల, రెండు గుంజలు ఉంటే చాలు. పచ్చిక అడగదు, నీళ్లడగదు. పెన్న ఇటువైపే ఆంధ్రలోకి వస్తుంది గానీ, ఏడాదిలో చాలా నెలలు అది ఇసుకే.

బస్సు సోమందేపల్లి దాటి పెనుకొండ చేరేటప్పటికి మిట్టమధ్యాహ్నం. ఆ ఎండలో కొండెక్కాలనుకోవడం నా తెలివితక్కువ, సగంలోనే దిగొచ్చాను. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజ్యం తలదాచుకున్నది ఇక్కడే. గగన్ మహల్ కింద చూస్తే మసీదు కమానులు, పైన చూస్తే గుడి శిఖరం. దాని నీడలో కూర్చుని చల్లబడ్డాను. దగ్గర్లోని ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి, హైవే రద్దీ చూస్తే తెలుస్తుంది.

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్, ధర్మవరంలో పట్టుచీర. నేనూ ఆ వరసలోనే వచ్చినట్టయింది. ఒకింట్లో గుంతమగ్గం చూశాను. నేసేవాడు నడుము దాకా గుంతలో దిగి కూర్చుంటాడు, కాళ్లతో తొక్కుతాడు, చేత్తో నాడె విసురుతాడు. పొద్దంతా అదే పని.

సాయంత్రం వీధి చివర నెట్టు కట్టారు. ఇందాక గుంతలో కూర్చున్నతనే లేచి 2.43 మీటర్ల నెట్టు పైన చేతులెత్తి షాట్ కొట్టాడు. బంతి నేలను తాకాక దుమ్ము లేచింది. స్కోరు 22-22. లిఫ్టర్ మళ్లీ అతనికే బంతి లేపబోతుండగా ఒక పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"అన్నా! పడుగు పోగులు తెగినాయంట. అమ్మ బిన్నా రమ్మంటాంది."

ఆ పాయింటు అయ్యేదాకా ఆగాడు. చేతులు లుంగీకి తుడుచుకుని వెళ్లాడు. గట్టు మీద కూర్చున్న కుర్రాడొకడు చెప్పులు విడిచి లోపలికి దిగాడు.