పదమూడో పేరు

పోయిన నెల నోటీసు బోర్డులో వాలీబాల్ టీమ్ లిస్ట్ పెట్టారు. పన్నెండు పేర్లు. పదమూడోవాణ్ణి నేను. ఆ రాత్రి రూంలో 'మిరకిల్' సినిమా చూసి, ఐస్ హాకీ కోచ్ హెర్బ్ బ్రూక్స్ గురించి తెల్లారేదాకా చదివాను.

1960 వింటర్ ఒలింపిక్స్ ముందు అమెరికా టీమ్‌లోంచి ఆఖరున తీసేసింది ఆయన్నే. ఆ టీమేమో గోల్డ్ కొట్టింది! తర్వాత 1964, 1968ల్లో ఆడాడు గానీ మెడల్ రాలేదు. మిన్నెసోటా యూనివర్సిటీ కోచ్‌గా 1974, 1976, 1979లో కాలేజీ ఛాంపియన్‌షిప్ గెలిపించాడు. 1980 లేక్ ప్లాసిడ్‌లో ఆయన కుర్రాళ్ళు సోవియట్ టీమ్‌ని 4-3తో ఓడించారు. రెండు వారాల ముందు అదే టీమ్ చేతిలో 10-3తో చిత్తయినవాళ్ళే! ఇదంతా అందరూ చెప్పేదే.

నన్ను పట్టుకున్నది వేరే. ఒలింపిక్స్‌కి ఇరవై మందే వెళ్ళాలి. ఆఖరున రాల్ఫ్ కాక్స్‌ని తీసేశాడు. ఇరవయ్యేళ్ళ కిందట తను విన్న మాట, ఈసారి తన నోటితో చెప్పాల్సొచ్చింది. ఆ బాధ తెలిసీ ఎలా చెప్పగలిగాడు? తెలిసీ చెప్పాడు కాబట్టే కోచ్ అయ్యాడేమో అనిపిస్తుంది. ఒక్కోసారి మాత్రం కోపమొస్తుంది.

లిస్ట్ పెట్టిన రోజు మా కోచ్ సార్ నా మొహం చూడకుండా వెళ్ళిపోయారు. నిన్న గ్రౌండ్ దగ్గర కనిపిస్తే నేనే నమస్తే పెట్టాను.

"ప్రాక్టీస్‌కి రావట్లేదేంరా?" అన్నారు.

సాయంత్రం వెళ్ళాను.