ఫోర్‌మన్, హోమ్స్ తలపడి ఉంటే

మీరే చెప్పండి, నలభై దాటిన జార్జ్ ఫోర్‌మన్‌కీ నలభై దాటిన లారీ హోమ్స్‌కీ పోటీ పెడితే ఎవరు గెలిచేవారంటారు? ఇద్దరూ 1949లో పుట్టినవాళ్లే, ఇద్దరూ ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్లే, ఇద్దరూ మహమ్మద్ అలీతో తలపడ్డవాళ్లే. ఒకరితో ఒకరు మాత్రం ఎన్నడూ తలపడలేదు. 1999 జనవరిలో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో పోటీ ఖాయమై కూడా, డబ్బు సమకూరక ఆగిపోయింది. ఆగడమే మంచిదైంది. యాభై ఏళ్ల తల దెబ్బలు తినకూడదు. 1980లో, 38 ఏళ్ల వయసులో, ఇదే హోమ్స్ చేతిలో అలీ తిన్న దెబ్బలు చూసినవాళ్లకి ఆ మాట వేరే చెప్పక్కర్లేదు.

అందుకే నేను ఊహించుకునేది 1992 నాటి పోటీ. అప్పుడైతే ఇద్దర్నీ పోల్చి చూడ్డానికి ఇవాండర్ హోలీఫీల్డ్ ఉన్నాడు. ఫోర్‌మన్ 1991 ఏప్రిల్‌లో, హోమ్స్ 1992 జూన్‌లో అతనితో పన్నెండు రౌండ్లూ నిలబడి, పాయింట్ల మీద ఓడారు. ఆయా పోటీలనాటికి ఇద్దరి వయసూ 42.

ఫోర్‌మన్ అభిమానులు వెంటనే మైకేల్ మూరర్ పేరెత్తుతారు. 1994 నవంబరు 5న, లాస్ వేగస్‌లో, తొమ్మిది రౌండ్లు పాయింట్లలో వెనకబడిన 45 ఏళ్ల మనిషి పదో రౌండులో కుడిచేతి గుద్దుతో మూరర్‌ని పడగొట్టేశాడు. ఒంటి మీద, ఇరవై ఏళ్ల కిందట కిన్షాసాలో అలీ చేతిలో ఓడిననాటి ఆ ఎర్ర నిక్కరే! ఆ రాత్రి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ ఒక్కటి గమనించండి, మూరర్ ఆయనకి ఎదురుగానే నిలబడ్డాడు. నిలబడకుండా తిరిగేవాడు దొరికితే ఏమైందో 1993లోనే చూశాం. టామీ మోరిసన్ రింగంతా తిరుగుతూ పాయింట్ల మీద గెలిచాడు.

ఇక హోమ్స్. హెవీవెయిట్లలో అంత చక్కని ఎడమచేతి జాబ్ మరొకరికి లేదని నా గట్టి నమ్మకం. 1992 ఫిబ్రవరిలో, అప్పటిదాకా ఓటమెరుగని ఒలింపిక్ స్వర్ణ విజేత రే మెర్సర్‌ని ఓడించిన తీరు చూడాలి. తాళ్లకి ఆనుకుని, వచ్చిన గుద్దుని పక్కకి జారనిచ్చి, ఆ వెంటనే తిరిగి కొట్టేవాడు. కాళ్లలో వేగం తగ్గినా, బుర్రలో తగ్గలేదు.

మరి ఫోర్‌మన్ గుద్దు ఒక్కటి సూటిగా తగిలితే? 1979లో ఎర్నీ షేవర్స్ ఏడో రౌండులో హోమ్స్‌ని నేలకూల్చాడు. హోమ్స్ లేచి, పదకొండో రౌండులో ఆ పోటీని తనే ముగించాడు. నిజమే, అప్పుడాయనకి 29 ఏళ్లు. నలభై రెండేళ్ల ఒళ్లు అంత త్వరగా కోలుకోదు. ఫోర్‌మన్‌కున్న అవకాశమంతా అక్కడే ఉంది.

అయినా నా ఓటు హోమ్స్‌కే. ఒకసారి కిందపడతాడు, లేస్తాడు, పన్నెండు రౌండ్లయ్యాక పాయింట్ల మీద గెలుస్తాడు. మీరు ఒప్పుకోకపోతే మెర్సర్ పోటీ మొదటినుంచి చివరిదాకా ఒకసారి చూసి, అప్పుడు నాకు ఉత్తరం రాయండి.