మంజీరా తీరమున జక్కవలు

మా నారాయణఖేడ్ సీమ చూచువారికి మెట్టభూమి. కాని మంజీర దీనిని మూడువైపుల చుట్టి పోవుచున్నది. మహారాష్ట్రమందలి బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు మీదుగా వచ్చి, మాకు దక్షిణమున సింగూరు జలాశయమున నిండి, సంగారెడ్డి కడ నుత్తరమునకు తిరిగి, నిజాముసాగరము చేరి, తుదకు కందకుర్తి యొద్ద గోదావరిలో గలియును. తూర్పునకు బోవలసిన నది, పుట్టినింట నేదియో మరచివచ్చిన కోడలివలె వెనుకకు మరలుట మాకెప్పుడును వింతయే.

సింగూరు ఆనకట్టకును, దిగువనున్న మంజీర బరాజునకును నడుమనున్న నదీభాగమును 1978లో ప్రభుత్వమువారు వన్యప్రాణుల యభయారణ్యముగా జేసిరి. వైశాల్యము సుమారు 20 చదరపు కిలోమీటర్లు. నదిలో తొమ్మిది లంకలు. అరణ్యమని పేరేగాని చెట్లకంటె నీరే యెక్కువ. పుష్యమాసమున మేము పిల్లలతోను, అత్తగారితోను గల్పగూరు గట్టునకు బోయితిమి.

కావ్యములు చదివిన సోదరీమణులకు జక్కవల విరహము క్రొత్త గాదు. రాత్రియైనచో జంట విడిపోయి యొండొంటిని పిలుచుకొనునని కవులు వర్ణింతురు. ఆ పక్షిని మేమును పుస్తకములందే యెరుగుదుము. ఇచ్చట దుర్భిణితో జూడగా కావిరంగు దేహము, లేతవన్నె తల గల పెద్ద బాతులు జంటలుగా నీటియొడ్డున నిలిచియుండెను. అవియే చక్రవాకములు! లదాకు, టిబెట్టు సరస్సుల వైపునుండి చలికాలమున వచ్చును. రాత్రివేళ మేతకు తిరుగుచు చీకటిలో గట్టిగా గూయును గనుక, కవుల కల్పన యొట్టి కల్పనయే కాదని మాకు దోచినది. వాటికి దవ్వుగా తెల్లని తలపై రెండు నల్లని పట్టెలుగల హంసజాతి పక్షులు కూడ నుండెను. మానససరోవర ప్రాంతమున పిల్లలను బెట్టి, హిమాలయములను దాటివచ్చునవి యివియే.

అత్తగారి కన్నులు మాత్రము మొసలిని వెదకుచుండెను. గజేంద్రమోక్షము విన్నవారికి మకరముపై ప్రీతి యెట్లు కలుగును? ఒక యిసుకతిన్నెపై మానుమొద్దువలె నొకటి నోరు తెరచి యెండ కాగుచుండెను. మా వారు దాని సంసారమును వివరించిరి: ఆడుమొసలి వేసవికి ముందు గట్టున గుంత త్రవ్వి సుమారు పాతిక ముప్పది గ్రుడ్లు పెట్టును. లోపలి పిల్ల ఆడదో మగదో గూటి వేడిమియే నిర్ణయించును. రెండు నెలలకు పిల్లలు లోపలినుండి కూయగా, తల్లి గుంత త్రవ్వి, ఆ భయంకరమైన నోటనే వాటిని మెల్లగా గరచుకొని నీట విడుచును. అత్తగారు కొంతసేపు మాటాడక, “దానికిని తల్లిప్రాణమే గదమ్మా” అనిరి.

ఈ జీవులన్నిటికి కోటగోడ నీరే. లంకలచుట్టు నీరున్నంతకాలము పసులును కుక్కలును గూళ్లకు జేరలేవు. నీరు తగ్గెనా, లంక గట్టుతో గలిసిపోవును. ఆ నీటిపైననే 1965 నుండి హైదరాబాదు నగరము కూడ నాధారపడి యున్నది. 2015లో వానలు కరవై, 2016 వేసవికి సింగూరు అడుగంటగా నగరమున కీ నీరు నిలిచిపోయెను. నగరము కృష్ణా గోదావరుల నీటిని దూరమునుండి తెప్పించుకొనెను. మొసళ్లు మిగిలిన మడుగులలో నొదిగి దినములు గడపవలసి వచ్చెను. సింగూరు నిండుటకై పొలములను, ఇండ్లను విడిచిన పల్లెలవారిని గూడ మనము మరువరాదు. పట్టణపు కుళాయి త్రిప్పు బంధువులతో మేమీ మాట చెప్పినప్పుడు, ఆ నీటిలో మొసలి గలదనియే వారు వెరచిరి గాని, అది యెక్కడనుండి వచ్చుచున్నదని యొక్కరైన నడుగలేదు.

వ్యవధి గలవారు మెదకు దాపున పోచారము చెరువును గూడ చూడవచ్చును. నిజాము ప్రభువుల వేటతావైన యా యడవి నేడు చుక్కల దుప్పులకును, మనుబోతులకును నిలయము. మంజీరకు బోవువారు మార్గశిరము మొదలు మాఘమువరకు, తెల్లవారగనే చేరవలెను. మెరయు చీరలు వలదు. పిల్లలను కేకలు వేయనీయరాదు. ఫాల్గుణము నాటికి జక్కవలు ఉత్తరమునకు మరలిపోవును.