సమ్మక్క పుట్టిల్లు మన పొలాస

మేడారం జాతరకు పోయి వచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. కానీ సమ్మక్క తల్లి పుట్టిల్లు ఎక్కడ అని అడిగితే ఎంతమంది చెప్పగలరు? మన జగిత్యాల పక్కనున్న పొలాస. అవునండీ, వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉన్న ఆ పొలాసే. పూర్వం దాన్ని పొలవాస అనేవారు.

మా అమ్మాయికి ఇంగ్లీషు నవలల పిచ్చి. ఒక్కోటి ఇటుక రాయంత లావుంటుంది. అందులో ఒక రాజుల కుటుంబం, ఇచ్చిన మాట కోసం ఒక్కొక్కరే ప్రాణాలు పోగొట్టుకోవడం. అది చదివి కండ్లనీళ్ళు పెట్టుకుంటుంటే, "అసొంటి ఇల్లు మన దగ్గరా ఉంది బిడ్డా" అని ఈ కథ చెప్పాను.

పొలవాసనేలే మేడరాజు కోయదొర. వేటకు పోయినప్పుడు అడవిలో పులుల నడుమ ఆడుకుంటున్న పసిపాప దొరికింది. తెచ్చి సమ్మక్క అని పేరుపెట్టి పెంచుకున్నాడు. పెద్దయ్యాక మేనల్లుడు, మేడారం పాలకుడు పగిడిద్దరాజుకిచ్చి పెళ్ళి చేశాడు. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పిల్లలు. సారలమ్మ పెనిమిటి గోవిందరాజు. చూడండి, మన ఇండ్లల్లో ఉన్నట్లే మేనరికం, అల్లుడు, అందరూ దగ్గరదగ్గర.

పగిడిద్దరాజు కాకతీయులకు సామంతుడు. ఏటేటా కప్పం కట్టాలి. వరుసగా కరువులొచ్చాయి. తినడానికే గింజలు లేకపాయె, కప్పం ఎక్కడినుంచి తెస్తారు? అది చాలదన్నట్లు ప్రతాపరుద్రుడు పొలవాస మీదికి దండెత్తితే మేడరాజు తప్పించుకుని వచ్చి అల్లుడింట్లో తలదాచుకున్నాడు.

(ప్రతాపరుద్రుడంటే 1323లో ఓరుగల్లు పోగొట్టుకున్న రాజే అని చాలామంది చెప్తారు. అయితే 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడిలో వేయించిన రుద్రదేవుడి శాసనంలోనే మేడరాజును గెలిచిన మాట ఉంది. ఆ రుద్రదేవుణ్ణి మొదటి ప్రతాపరుద్రుడు అని కూడా అంటారు. పొలవాస రాజులు కల్పన కాదని చెప్పడానికే ఇది రాశాను.)

నాకు ఈ కథలో యుద్ధం కన్నా ఆ మామ వచ్చిన రోజు గురించే ఆలోచన ఎక్కువ. ఇంట్లో గింజలు లేవు. బయట రాజు కోపం. మామను పట్టించి ఇస్తే కప్పం సంగతి కూడా సర్దుకుపోయేదేమో. పగిడిద్దరాజు ఆ పని చేయలేదు. సమ్మక్కను మనం మొక్కుతాము, మంచిదే. ఆయనను మాత్రం తక్కువ తలుస్తామనిపిస్తుంది నాకు. పుట్టింటివాళ్ళు ఆపదలో వచ్చి గడపలో నిలబడితే ఆడదాని గుండె ఎట్ల కొట్టుకుంటుందో మీకు తెలియనిది కాదు. మొగుడి ముఖంలోకి చూస్తాము, ఏమంటాడో అని.

మా ఊరి చెరువెండి రెండు పంటలు పోయినప్పుడు మా బాపు వచ్చి మా ఇంట్లో నాలుగు నెలలున్నాడు. బిడ్డ ఇంట్లో అన్నం తినడం ఆయనకు నామోషీ. కంచంలో సగమే పెట్టించుకునేవాడు. మా ఆయన ఏమీ మాట్లాడేవాడు కాదు. "మామా, నాకొక్కనికి తినబుద్ధి కాదు" అని రోజూ పక్కన కూర్చోబెట్టుకునేవాడు, అంతే. పదిహేనేండ్లయినా నేను ఆ మాట మరిచిపోలేదు.

అటు చూస్తే కాకతీయుల సేన సంపెంగ వాగు దగ్గరికొచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు ఆ పోరులో పడిపోయారు. జంపన్న శత్రువు చేతికి చిక్కకుండా వాగులో దూకాడు. అందుకే అది జంపన్న వాగయింది. జాతరకు పోయిన మనమంతా స్నానాలు చేసేది అందులోనే. ఇంటిల్లిపాదీ పోయాక సమ్మక్క కత్తి పట్టింది. ఎదురుగా నిలవలేక వెనుక నుంచి పొడిచారట. ఆ గాయంతోనే నడిచి చిలకలగుట్ట మీద మాయమైంది. వెతకపోయిన వాళ్ళకు కుంకుమ భరిణె ఒక్కటే దొరికింది. ఈనాటికీ గద్దెల మీద విగ్రహం ఉండదు. కోయ పూజారులు గుట్ట మీంచి ఆ తల్లిని తెచ్చేది భరిణె రూపంలోనే.

రెండేండ్లకోసారి మాఘ పున్నమికి, బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది, గురువారం చిలకలగుట్ట దిగి తల్లి వస్తుంది. శనివారం మళ్ళీ అడవికే పోతారు. మేడారం దాకా పోలేనివాళ్ళకు కరీంనగర్ దగ్గర రేకుర్తిలో, గోదావరిఖనిలో గోదారి ఒడ్డున కూడా గద్దెలున్నాయి. నిలువెత్తు బంగారమని మనం బెల్లం తూకమేసి ఇస్తాము గదా, దాని గురించి అందరూ రాస్తారు. నేను ఒడిబియ్యం సంగతి చెప్తాను. ఒడిబియ్యం ఎవరు పోస్తారు? తల్లిగారు పోస్తారు, ఆడబిడ్డను అత్తగారింటికి సాగనంపేటప్పుడు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె గుడ్డ. జాతరలో చిన్నా పెద్దా, కులం గోత్రం లేకుండా అందరూ ఆమెకు ఒడిబియ్యం పోస్తారు. పొలవాస కోట లేదు, మేడరాజు లేడు, పోసేవాళ్ళు మాత్రం లక్షల్లో వస్తున్నారు. బియ్యానికి పసుపు కలిపేటప్పుడు మా అత్తమ్మ అంటుంది, "గట్టిగ పట్టియ్యే, మనాడబిడ్డకు పోస్తున్నం" అని.