ఫార్మాట్ కొట్టక ముందు

ఈ దినాలలో పల్లెలలో కూడా కంప్యూటరు ముట్టకుండా జరిగే పని తక్కువ. కులం సర్టిఫికెట్ కావాలన్నా, ఆదాయం సర్టిఫికెట్ కావాలన్నా 2011లో మొదలైన మీసేవ ద్వారానే పొందాలి. భూమి సంగతికి 2020 అక్టోబరులో ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పేరు మారినా రైతు వెళ్ళి నిలబడేది కంప్యూటరు ముందే. పిల్లల స్కాలర్‌షిప్పులు, హాస్టల్ సీట్లు, పరీక్ష ఫీజులు అన్నీ అంతే. గనుక ఎల్లారెడ్డి బజారులో ఒక కంప్యూటరు మొరాయించిందంటే అది ఆ దుకాణంవారి ఇబ్బంది మాత్రమే కాదు. ఆ దినమే ఆఖరు తేదీ అని చేతిలో కాగితాలు పట్టుకొని వచ్చిన ఒక పిల్ల చదువు కూడా అక్కడే ఆగిపోతుంది.

నేను కామారెడ్డిలో ఇరవై ఏళ్ళకు పైగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. మా వైపు ఏ జబ్బుకైనా ఒకటే మందు చెబుతారు. నిదానంగా నడిచినా, నెట్ రాకపోయినా, ప్రింటర్ పలకకపోయినా, "ఫార్మాట్ కొట్టాలె" అంటారు. ఫార్మాట్ అనగా డిస్కులో ఉన్న విండోస్‌ను, దానితోపాటు చాలాసార్లు మన ఫైళ్ళను కూడా తుడిచివేసి మళ్ళీ మొదటినుండి ఎక్కించడం. కలుపు మొలిచిందని మడి మొత్తం దున్నివేసినట్లు. కొన్ని జబ్బులకు అది నిజంగా అవసరమే, నేను కాదనను. అయితే బాగుచేసేవారికి అది సుళువైన పని. జబ్బు ఏమిటో ఆలోచించనక్కరలేదు, కూలి మాత్రం ఖాయం. అందుకే అది ముందుగా నోటికి వస్తుంది.

2023 జూన్‌లో, బడులు తెరిచే రోజులలో, ఎల్లారెడ్డి నుండి నా మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, నెట్ ఉన్నది గానీ ఏదీ తెరుచుకుంటలేదు. బాగుచేసేటాయన వచ్చి చూసిండు. విండోస్ ఖరాబైంది, ఫార్మాట్ కొట్టాలె అంటున్నడు. ఆయన ఫోటోలన్నీ అందులనే ఉన్నయి."

ఆయన అంటే ఆమె భర్త. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఫోటోగ్రాఫరు. 2021లో కరోనాతో పోయాడు. ఆయన పోయాక ఆమె అదే స్టూడియోలో జిరాక్స్ మిషను, ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టుకొని ఇద్దరు పిల్లలను చదివించుకుంటున్నది. ఆయన తీసిన పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, పుట్టినరోజులు, సమాధి కార్యక్రమాలు అన్నీ ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి, "అక్కా, మా నాయిన ఫోటో మీ దగ్గర ఉంటదా?" అని అడుగుతుంటారు. పల్లెలో ఎంతోమందికి తల్లిదండ్రుల ముఖం మిగిలింది అక్కడే.

"ఆగు బిడ్డా, ఎవరినీ ముట్టనియ్యకు. పొద్దున బస్సుకు వస్త" అన్నాను.

మంచి వైద్యుడు రోగిని ముట్టుకోక ముందు నాలుగు మాటలు అడుగుతాడు. ఎప్పటినుండి? మొదలయ్యే ముందు ఏమి మారింది? ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నదా? కంప్యూటరుకు కూడా అవే ప్రశ్నలు. మూడు రోజులనుండి అన్నది. కొత్తగా ఏమీ ఎక్కించలేదు అన్నది. అదే వైఫై మీద తన ఫోనులో అన్నీ తెరుచుకుంటున్నాయి అన్నది. ఈ మూడో జవాబుతోనే సగం పని అయింది. ఫోనుకు వచ్చే నెట్ కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి ఆగుతుందంటే స్తంభం మీద తీగెను, కంపెనీవారిని అనుమానించనక్కరలేదు.

నెట్ తప్పు ఎక్కడున్నదో పట్టుకోవడం దారిలో పోయినట్లే. ముందు గడప, తరువాత వాకిలి, ఆపైన ఊరి పొలిమేర, చివరికి పట్నం. విండోస్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొడితే నల్లని కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. దానిలో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టండి. కంప్యూటరు చిరునామా కనబడుతుంది. అది 169.254తో మొదలైతే రూటరు దానికి చిరునామా ఇవ్వలేదని, అది తనకు తానే ఒకటి పెట్టుకున్నదని అర్థం. అప్పుడు తప్పు ఇంట్లోనే ఉన్నది. వైరు వదులై ఉండవచ్చు, రూటరును ఒకసారి ఆపి వేయవలసి ఉండవచ్చు. 192.168 వంటి సంఖ్య ఉంటే గడప దాటినట్లే. అక్కడే గేట్‌వే అని ఇంకో సంఖ్య ఉంటుంది, అది రూటరుది. పింగ్ అని కొట్టి దాని పక్కన ఆ సంఖ్య వేస్తే రూటరు పలికేదీ లేనిదీ తెలుస్తుంది. ఆపైన పింగ్ 8.8.8.8 కొట్టండి. అది గూగుల్ వారి సర్వరు. జవాబు వచ్చిందంటే ఊరు దాటి లోకంలోకి వెళ్ళినట్లే. సంఖ్యకు జవాబు వచ్చి పేరుకు రాకపోతే డీఎన్ఎస్ అనే దానిలో లోపం. మనం పేరు చెబితే నంబరు వెదికి ఇచ్చే డైరెక్టరీ వంటిది అది.

ఎల్లారెడ్డిలో అన్నిటికీ జవాబు వచ్చింది. దారి బాగానే ఉన్నది. అయితే ఏ వెబ్‌సైటు తెరిచినా, కనెక్షను సురక్షితం కాదని పెద్ద అక్షరాలలో హెచ్చరిక వస్తున్నది. మూడు రోజులుగా అందరూ ఆ పెద్ద అక్షరాలు చూడగానే మూసివేస్తున్నారు. కింద చిన్న అక్షరాలలో తేదీ గురించి ఒక మాట ఉన్నది. అక్కడిదాకా ఎవరూ చదవలేదు. కుడివైపు కింది మూలన చూశాను. 2012 జనవరి 1 అని ఉన్నది.

ఇది ఎందుకు అడ్డమో చెప్పాలి. బ్యాంకు వెబ్‌సైటయినా, సర్కారు వెబ్‌సైటయినా తాను అసలుదేనని చూపడానికి ఒక సర్టిఫికెట్ పంపుతుంది. దాని మీద ఫలానా తేదీనుండి ఫలానా తేదీవరకు చెల్లుతుందని ఉంటుంది. కంప్యూటరు దానిని తన గడియారంతో సరిచూస్తుంది. గడియారంలో 2012 ఉంటే 2023లో ఇచ్చిన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు గదా! దొంగ సర్టిఫికెట్ అనుకొని తలుపు మూసుకుంటుంది. పాపం దాని తప్పు లేదు, తన ఉద్యోగం తాను చేస్తున్నది. మామూలుగా విండోస్ నెట్ ద్వారా సమయం తానే సరిచేసుకుంటుంది గానీ తేడా ఏళ్ళకు ఏళ్ళుంటే సాధారణంగా దిద్దుకోదు.

తేదీ, సమయం మార్చాను. వెంటనే తెరుచుకున్నది. ఆ వేళ బల్లమీద కూర్చొని ఉన్న పిల్లల దరఖాస్తులు మధ్యాహ్నంలోగా అయిపోయాయి.

మరి గడియారం ఎందుకు వెనుకకు పోయింది? కంప్యూటరు లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. దాని మీద సీఆర్ 2032 అని ఉంటుంది, మూడు వోల్టులు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించేది అదే. నా మేనకోడలు జాగ్రత్తగల మనిషి. భర్త పోయినప్పటినుండి ప్రతి రాత్రి దుకాణం మూసే ముందు మెయిన్ స్విచ్ దించివేస్తుంది. మంచి అలవాటే. అయితే రాత్రంతా గడియారం ఆ చిన్న బిళ్ళ మీదే బ్రతకాలి. ఏళ్ళ తరబడి వాడిన బిళ్ళ చివరికి ఖాళీ అయింది. గడియారాల షాపులో ముప్పై నలభై రూపాయలకు దొరికింది. ప్లగ్గు తీసి, మూత విప్పి, పాతది తీసి కొత్తది పెట్టడం పది నిమిషాల పని. ఫార్మాట్ కొట్టి ఉంటే ఫోటోలు పోయేవి, గడియారం మాత్రం 2012లోనే ఉండేది.

ఆ రోజు నేను వెంటనే తిరిగి రాలేదు. బయట పెట్టే హార్డ్ డిస్కు ఒకటి వెంట తీసుకువెళ్ళాను. ఫోటోలన్నీ దానిలోకి ఎక్కేసరికి రాత్రయింది. ఎక్కుతున్నంతసేపు ఆమె తెర ముందునుండి లేవలేదు. ఒక్కొక్క ఫోల్డరు పేరు చదువుకుంటూ కూర్చున్నది. ఆ డిస్కు ఇప్పుడు కామారెడ్డిలో మా బీరువాలో ఉన్నది. రెండు కాపీలు ఒకే గదిలో ఉంటే పిడుగుకైనా, నీళ్ళకైనా రెండూ పోతాయి.

నీళ్ళ మాట ఊరికే అనలేదు. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో మా జిల్లాలో కురిసిన వాన మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. కామారెడ్డి కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, 44వ నంబరు జాతీయ రహదారి మీద బండ్లు నిలిచిపోయాయి. ఆ తరువాత పెద్దాయన ఒకరు కంప్యూటరును ఆటోలో వేసుకొని నా దగ్గరికి వచ్చారు. "నెట్ వస్తలేదు, ఫార్మాట్ కొట్టు బిడ్డా" అన్నారు. "తాతా, రూటరు మీద ఎర్రదీపం వెలుగుతున్నదా?" అని అడిగాను. వెలుగుతున్నది అన్నారు. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్రదీపం వెలిగితే ఫైబరు తీగెలో వెలుతురు రావడం లేదని అర్థం. ఎక్కడో వాగు దగ్గర తీగె తెగితే ఇంట్లో కంప్యూటరును తుడిచివేసి ఏమి లాభం? టీ తాగించి పంపించాను.

సంఘాల సంగతి ఒకటి. పాటల కాగితాలు, కూడికల కార్యక్రమాలు పాత రోజులలో అను వంటి ఫాంట్లతో టైపు చేయించి దాచిపెట్టారు. కొత్త కంప్యూటరులో వాటిని తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడతాయి. ఫైలు చెడిపోయిందని తీసివేసినవారు ఉన్నారు. అది చెడిపోలేదు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు బొమ్మలు పెట్టి పనిచేస్తాయి, ఆ ఫాంటు లేని చోట లోపలి అక్షరాలు బయటపడతాయి. ఫాంటు ఎక్కిస్తే తెలుగు తిరిగి వస్తుంది, లేదా యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటిచ్చారు, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు ఫాంటుతో వచ్చింది. ఇప్పటికైనా కొత్తగా టైపు చేయించేవి యూనికోడ్‌లో చేయించండి.

ఓపిక పట్టడం పల్లెలకే కాదు, పెద్దవారికీ అవసరమైంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేరు పంపిన ఒక చెడ్డ ఫైలువలన లోకమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర పడి నిలిచిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. దానికి మందు ఏమిటి? సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైలు తీసివేయడమే. ఇది విని కొందరు, "అందుకే మేము అప్‌డేట్లు ఆపేసినం" అంటారు. అది కూడా తప్పే. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లను సైతం తాళం వేసి డబ్బు అడిగింది. దానిని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ సంవత్సరం మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివారే చిక్కారు. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి గనుక ఆ కంప్యూటరు మీద బ్యాంకు పనులు చేసేవారు వచ్చే మార్గం ఆలోచించుకోవాలి.

ఇంకొకటి. ఒక్కోసారి తెర నిండా ఎర్రని హెచ్చరిక వచ్చి, కూత పెట్టి, వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అంటుంది. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికలలో ఫోన్ నంబరు పెట్టదు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజరులో బ్రౌజరును మూసివేయండి. ఎవరైనా ఇప్పటికే ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకుంటే సిగ్గుపడి దాచవద్దు, ఆ గంటలోనే 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలు.

ఎల్లారెడ్డి దుకాణంలో కంప్యూటరు పక్కన మేకుకు ఒక నోటుపుస్తకం దారంతో కట్టి ఉంటుంది. ఏది ఆగినా తేదీ, తెరమీద వచ్చిన మాట, ఏమి చేస్తే బాగైందో రాయమని చెప్పాను. మొదట్లో నాకు వారానికి రెండుసార్లు ఫోన్ వచ్చేది, ఇప్పుడు నెలకొకటి కూడా రాదు. మొన్న వెళ్ళినప్పుడు చివరి వరుస చదివాను. "ప్రింటర్ పలుకలేదు. చిన్నోడు కాలుతోని వైరు గుంజిండు. మళ్ళ పెట్టిన. అయింది."