విన్నవి, రాసుకున్నవి

జులై 14
హైదరాబాద్. ఎం.ఏ. భాషాశాస్త్రం, మొదటి వారం.
మేడం బోర్డు మీద ఏమీ రాయలేదు. ‘వచ్చాడు’ అనమన్నారు. అన్నాం. మళ్ళీ నెమ్మదిగా అనమన్నారు. నాలాంటి కోస్తా వాళ్ళ నోట్లో ఆ ‘చ్చా’లో ఉన్నది ‘ఆ’ కాదు. ‘ఏ’ కూడా కాదు. బ్యాటు, బ్యాంకు అన్నప్పుడు వచ్చే అచ్చు. దానికి అక్షరం లేదు.
అమ్మమ్మ నాకు యాభై ఆరు అక్షరాలూ దిద్దించింది. ఈ యాభై ఏడోది రోజంతా పలుకుతూనే దిద్దించింది.

జులై 15
గదిలో ముగ్గురం. నాది తెనాలి. ఒకమ్మాయిది నిజామాబాద్, ఒకమ్మాయిది అనంతపురం. వాటర్ క్యాన్ అబ్బాయి తలుపు కొట్టాడు.
నేను: వచ్చాడు.
నిజామాబాద్: వచ్చిండు.
అనంతపురం: వచ్చినాడు.
పాత రూపం అనంతపురం దగ్గరే ఉంది. మా వైపు మధ్యలో ‘న’ జారిపోయి, ఇ, ఆ రెండూ కలిసి ఆ అక్షరం లేని అచ్చయింది. నిజామాబాద్ వైపు దీర్ఘం పోయి, న, డ దగ్గరికొచ్చాయి.
ఇది చెప్తే అనంతపురం అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. బళ్ళో ఆ మాట అంటే దిద్దేవాళ్ళట. ‘‘మాదే పాతదా?’’ అంది. మళ్ళీ అడిగి రూఢి చేసుకుంది.

ఆగస్టు 3
ల్యాబు. మైకులో ‘చాప’ అన్నాను, ‘చీమ’ అన్నాను. కంప్యూటర్ తెర మీద చాపలో బుస పైకెక్కింది, చీమలో కిందికి దిగింది. నాలుక రెండు చోట్ల తాకుతోంది. రాత ఒకటే. పాత పుస్తకాల్లో చ నెత్తిన చిన్న గుర్తు పెట్టి ఈ తేడా చూపేవారు.
గంటసేపు చాలు, చెవి, చూపు, చీర అంటూ కూర్చున్నాం. కారిడార్లో వెళ్తున్న అటెండర్ తొంగిచూసి, ‘‘చింతపండు’’ అని ఒకటిచ్చి పోయాడు. దాన్నీ రికార్డు చేశాం.

ఆగస్టు 29
గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. సభలో అందరూ వ్యావహారిక భాషోద్యమం గురించి మాట్లాడారు. మేడం సవర భాష గురించి మాట్లాడారు.
పర్లాకిమిడి. గిడుగు గారు సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. అది తెలుగు కుటుంబం కాదు, ముండా. గొంతులో గాలిని ఆపి వదిలే ధ్వని ఉంది, మనకి లేదు. పక్కన గురువు లేడు, ముందు పుస్తకం లేదు. ఇంగ్లీషులో సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి.
కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ వాడితే వినికిడి దెబ్బతింది. వ్యాకరణం, నిఘంటువు రెండూ ఆ తర్వాతివే.
రాత్రి నిద్ర పట్టలేదు.

సెప్టెంబరు 11
‘రాను.’
ఇందులో కాదనే ముక్క ఎక్కడుందో చూపించమన్నారు. వస్తానులో ‘తా’ ఉంది. రానులో ధాతువుంది, నన్ను చెప్పే ‘ను’ ఉంది. మధ్యలో ఖాళీ. తినను, చెప్పనులో సన్నగా ఒక ‘అ’ కనిపించింది. మూలద్రావిడంలో అక్కడ ఒక ప్రత్యయం ఉండేదని భద్రిరాజు కృష్ణమూర్తి గారు తేల్చారు. అరిగి అరిగి ఇంత మిగిలింది. అయినా రానన్న మనిషి రాడనే అందరికీ అర్థమవుతుంది.

సెప్టెంబరు 24
అమ్మ వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది.
అమ్మలు వచ్చారు. ఆవులు వచ్చాయి. బస్సులు వచ్చాయి.
ఆడమనిషి ఒక్కతే ఉంటే ఆవు పక్కన. నలుగురు చేరితే మగవాళ్ళ పక్కన. గోండిలో, కొలామీలో నలుగురు చేరినా ఆవుల పక్కనే. తమిళ కన్నడాల్లో ఒక్కతే ఉన్నా వేరే రూపం ఉంది. వీటిలో ఏది మొదటిదన్న దాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు.
‘‘మా అమ్మొచ్చింది అంటే తక్కువ చేసినట్టా మేడం?’’ అని నిజామాబాద్ అమ్మాయి అడిగింది.
‘‘మీ అమ్మనే అడుగు.’’

సెప్టెంబరు 28
ఆదివారం. నిజంగానే అడిగింది. స్పీకర్లో పెట్టింది.
‘‘వచ్చింది అంటెనే నా బిడ్డ. వచ్చిండ్రు అంటె ఎవరో పరాయిదనుకుంట.’’
తేదీ వేసి రాసుకున్నాను.

అక్టోబరు 6
తెనాలి. దసరా సెలవులు. అక్క కొడుక్కి ఇంకా మూడేళ్ళు నిండలేదు. ‘చెట్టులు’ అన్నాడు. ‘ఇల్లులు’ అన్నాడు. ఇంట్లో ఎవరూ అలా అనరు. వాడు ఎవరి దగ్గరా విని ఉండడు. సూత్రం వాడే తీశాడు.
జీన్ బెర్కో అనే ఆవిడ 1958లో అమెరికాలో ప్రచురించిన పరీక్ష ఉంది. పిల్లలకి లోకంలో లేని జీవి బొమ్మ చూపించి, లేని పేరు చెప్పి, రెండుంటే ఏమంటారని అడిగింది. నేనూ కాగితం మీద ఒకటి గీశాను.
‘‘ఇది మిబ్బి. ఇంకోటొచ్చింది. ఇప్పుడు రెండు...?’’
‘‘మిబ్బులు.’’
తడుముకోలేదు. చివరి ఇకారం ఉకారమైంది. పిల్లి పిల్లులైనట్టే. వాడికి ఇంకా చొక్కా బొత్తాలు పెట్టుకోవడం రాదు.
బావ చూస్తున్నాడు. ‘‘వాడికి రైమ్స్ నేర్పించొచ్చుగా’’ అన్నాడు.

అక్టోబరు 8
పెదనాన్నకి వేసవిలో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. మంచినీళ్ళు కావాలంటే గ్లాసు చూపిస్తాడు. గ్లాసన్న మాటా రాదు. మనం చెప్పేదంతా తెలుస్తుంది.
పెద్దమ్మ ‘‘ఒకటి’’ అంది. ఆయన అందుకుని పది దాకా చెప్పాడు. చిన్నప్పటి శతక పద్యం ఎత్తిస్తే మకుటం దాకా వెళ్ళాడు, ఒక్క గణం తప్పలేదు. ఆగగానే మళ్ళీ ఏమీ లేదు. ‘ఏడు’ అని విడిగా అనమన్నాను. రాలేదు. ఒకటి దగ్గర బయల్దేరితేనే ఏడు వస్తుంది.
బ్రోకా అనే వైద్యుడు, పారిస్, 1861. ఏమడిగినా ‘టాన్’ అని మాత్రమే పలికిన రోగి. పోయాక చూస్తే మెదడు ఎడమవైపు, ముందుభాగంలో దెబ్బ. క్లాసులో రాసుకున్న నోట్సు ఇంతే.
‘‘మాటొస్తుందంటావా?’’ అంది పెద్దమ్మ.
మాటని రాగంతో పట్టుకొచ్చే చికిత్స ఒకటుంది. 1973లో బోస్టన్ పరిశోధకులు రాశారు. రోగి ఎడమచేతి మీద తాళం వేస్తూ, మాటని పాటలా సాగదీసి చెప్పించాలి. మంచి నీళ్ళూ. మంచి నీళ్ళూ. పెద్దమ్మ చెయ్యి నాకన్నా బాగా నడిచింది. ఆవిడ భజనల్లో పాడేది.

అక్టోబరు 12
బయల్దేరేటప్పటికి ‘మంచి’ దాకా వచ్చింది.

నవంబరు 4
జిరాక్స్ షాపు. ‘‘ఈ ఫైళ్ళు ఎవరివండీ?’’
కాలు కాళ్ళయింది, వేలు వేళ్ళయింది. ఫైలు కూడా ఫైళ్ళయింది. స్కూళ్ళు, సైకిళ్ళు, హోటళ్ళు, టవళ్ళు. ఇంగ్లీషు నుంచి నిన్న దిగిన మొబైలు కూడా మొబైళ్ళే.

నవంబరు 5
ఊరు ఊళ్ళు, నోరు నోళ్ళు, గోరు గోళ్ళు. కానీ కారు కార్లు. షేర్లు, బార్లు. ‘ర’ సూత్రం పాత మాటలతోనే ఆగిపోయింది. ‘ల’ సూత్రం ఇంకా పనిలో ఉంది.

నవంబరు 7
ఇల్లు ఇళ్ళు, ముల్లు ముళ్ళు. బిల్లు మాత్రం బిల్లులు. మిల్లు మిల్లులు. కరెంటు ‘బిళ్ళు’ అని ఎవరైనా అంటారేమోనని మెస్సులో చెవి ఒగ్గి కూర్చున్నాను. ఎవరూ అనలేదు. ఇంగ్లీషు మాటల్లో లకారం ఒకటుంటే లొంగింది, రెండుంటే లొంగలేదు. ఎందుకు? మా అక్క కొడుకు చేత ‘బిల్లు’ అనిపించాలి.
డిసర్టేషన్ ఇదే. మేడం సరేనన్నారు.

డిసెంబరు 12
ఆదిలాబాద్ జిల్లా. ఉట్నూరు దగ్గర గూడెం. చలి. మాకు మాటలు చెప్పే ఆమెకి అరవై దాటి ఉంటాయి. మేకలతో గోండి. మాతో తెలుగు. బట్టలమ్ముకునే అతనితో మరాఠీ. ఒక భాషలోంచి ఇంకోదాంట్లోకి వెళ్ళేటప్పుడు ఊపిరి కూడా తీసుకోలేదు.
మా చేతిలో స్వదేశ్ పట్టిక. మారిస్ స్వదేశ్, అమెరికన్. ఏ భాషలోనైనా ఉండి తీరే మాటల జాబితా: నీళ్ళు, ఎముక, పేను, చంద్రుడు. నీళ్ళకి ‘ఏర్’ అంది. పట్టికలో లేకపోయినా ఊరిని ఏమంటారని అడిగాం. ‘నార్.’
మంచు దగ్గర ఆగింది.
‘‘పొద్దుగాల పడేదా, టీవీల పడేదా?’’
పొద్దున పడేదే రాసుకున్నాం.
పట్టిక సగంలో ఉండగా విసుగొచ్చింది ఆమెకి. ‘‘ఒక్కొక్క మాట అడిగితే ఏం తెలుస్తది? కథ చెప్త, పెట్టుకోండ్రి.’’ పెట్టుకున్నాం. నక్క కథ. వెనకాల కోడి ఆపకుండా కూస్తోంది.

డిసెంబరు 13
గుంజాల. గోండి లిపిలో చేతిరాత ప్రతులు దొరికిన ఊరు. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంతకు చాలా ముందు, 1918లో, మున్షీ మంగళ్ సింగ్ మసారం మరో గోండి లిపి తయారుచేశాడు. తెలుగు లిపిలోనూ రాస్తారు, దేవనాగరిలోనూ రాస్తారు. లిపికి కొరత లేదు.
ఒక కుర్రాడు తన పేరు గుంజాల లిపిలో నా నోటుబుక్కులో రాసిచ్చాడు. నాది కూడా రాశాడు. నా పేరులోని ఒత్తు దగ్గర ఆలోచించి, వాళ్ళ నాన్నని పిలిచి అడిగొచ్చాడు.

జనవరి 9
నేను కోసిన మామిడికాయ. నేను కోసిన కత్తి. నేను కోసిన రోజు.
‘కోసిన’ ఎక్కడా మారలేదు. కత్తిని కోశానో, కత్తితో కోశానో చెప్పే గుర్తు లేదు. వినేవాళ్ళే సర్దుకుంటారు. ఇంతవరకూ ఎవరూ పొరబడినట్టు లేదు.

జనవరి 20
పులీ గిలీ. కాఫీ గీఫీ. పుస్తకాలూ గిస్తకాలూ. హిందీవాళ్ళు ‘వ’ పెడతారు, చాయ్ వాయ్. మనం ‘గి’ పెడతాం.
మరి ‘గి’తోనే మొదలయ్యే మాటైతే? గిన్నెలూ...? క్లాసులో ఎవరికీ నోరు తిరగలేదు. క్యాంటీన్లో గిన్నెలు తోమే ఆవిణ్ణి అడిగాం.
‘‘గిన్నెలూ గట్రా’’ అంది, తోముతూనే.

ఫిబ్రవరి 21
మాతృభాషా దినోత్సవం. 2011 జనాభా లెక్కల్లో మాతృభాష ఏదంటే జనం చెప్పిన పేర్లు 19,569. వడగట్టి 1,369 మాతృభాషలు చేశారు. వాటిని కలిపి, పదివేల మంది దాటినవి 121 భాషలని తేల్చారు. తెలుగు 8.11 కోట్లు. గోండి 29 లక్షల పైన.
నాకు ఆ 19,569 కావాలి. కొన్ని కులాల పేర్లయి ఉంటాయి, కొన్ని ఊళ్ళ పేర్లు. గుమ్మంలో నిలబడి ‘మీ భాషేంటి’ అంటే, ఆ మనిషి ఆలోచించి చెప్పిన జవాబు అది. ఒక్కటీ తప్పు కాదు.

మార్చి 2
పెద్దమ్మ ఫోన్. పెదనాన్న ‘మంచినీళ్ళు’ అన్నాడట. తాళం లేకుండా. తర్వాత టీ కావాలన్నా అదే అంటున్నాడట. ఆవిడ రెండూ పట్టుకెళ్తోంది.

మార్చి 15
గోండి టేపు. నిమిషం మాటకి గంట పైనే పడుతోంది. ఉట్నూరు వైపు నుంచి వచ్చిన జూనియర్ అబ్బాయి పక్కన కూర్చుని సాయం చేస్తున్నాడు. అతనికీ ఒక క్రియ తెలియలేదు. నక్క చివర్న ఏదో అయింది. చచ్చిపోయింది, అంతవరకూ తెలుస్తోంది. ఎలా చచ్చిందన్నదే ఆ క్రియలో ఉంది.

మార్చి 16
ఆ అబ్బాయి ఫోన్లోంచి ఆమెకి వీడియో కాల్. ‘‘ఆ మాట ఒక్కటీ చెప్పు అవ్వా’’ అన్నాడు.
మాట ఒక్కటీ చెప్పనంది. కథ మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది. కొత్తగా ఒక ఎలుగుబంటి వచ్చింది. నక్క తప్పించుకుని అడవిలోకి పోయింది. చావలేదు కాబట్టి నాక్కావలసిన క్రియ రాలేదు.
రెండు కథలూ వేరువేరు ఫైళ్ళలో పెట్టాను. వచ్చేవారం మళ్ళీ అడగాలి.